వార్త విన్నవాడు – సొరంగం తవ్వించినవాడు

(టెక్కలి ప్రాంతంలో జరిగిన కార్తిక మాస భక్తసభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మనోధైర్యాన్ని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా నిర్వాహకులు నన్ను ఆదేశించారు. నేను పండితుడను కాను. ఉద్దానం పల్లెలలో చాలా ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి, ఇప్పుడు కొద్దిపాటి కొబ్బరితోట చూసుకుంటున్నవాడిని. కనుక నాకు తెలిసిన మనుషులను, నాకు తెలిసిన నేలను ఆధారం చేసుకొని మాట్లాడుతాను.

ఇటీవల ఏ నలుగురు కలిసినా ఒక ప్రశ్న వినిపిస్తున్నది. “పైనుంచి కింది దాకా అంతా తినేవాళ్ళే అయినప్పుడు మనసుకు శాంతి ఎక్కడినుంచి వస్తుంది?” అని. గుడి అరుగు మీద, రైలు పెట్టెలో, పెళ్ళి పందిరిలో ఇదే మాట. ఉదయం పత్రికతో మొదలై, పగలు చేతిలోని ఫోనుతో సాగి, రాత్రి టీవీ చర్చతో ముగిసే దినచర్య చాలా ఇండ్లలో స్థిరపడిపోయింది. అవినీతి లేదని నేను అనబోవడం లేదు. ఉన్నదాన్ని లేదనడం కూడా అసత్యమే. ఆ అవినీతిని రోజంతా చూస్తూ కూర్చోవడం వల్ల అది తగ్గుతున్నదా, మనం తగ్గుతున్నామా అన్నదే నేడు మనం ఆలోచించవలసిన విషయం.

మహాభారతంలో ఒకే సభలో కూర్చున్న ఇద్దరిని స్మరించుకుందాం. ఒకరు ధృతరాష్ట్రుడు, మరొకరు విదురుడు. హస్తినాపురంలో జరుగుతున్న అధర్మం ఇద్దరికీ తెలుసు. కుమారుని దురాశ తండ్రికి తెలియనిది కాదు. అయినా ఆయన ఆపగలిగిన రోజున ఆపలేదు. నిద్ర పట్టని రాత్రి విదురుని పిలిపించుకొని నీతులు విన్నాడు. తెల్లవారిన తరువాత మునుపటిలాగే ఉన్నాడు. యుద్ధం వచ్చినప్పుడు సంజయుని నోట కురుక్షేత్ర వార్తలన్నీ విన్నాడు. ఎవరు పడ్డారు, ఎవరు నిలిచారు, ఏ రథం విరిగింది, అన్నీ ఆయనకు తెలుసు. అంత సమగ్రంగా వార్తలు తెలిసిన శ్రోత ఆ కాలంలో మరొకడు లేడనవచ్చు. ఆ తెలివిడితో ఆయన ఒక్క ప్రాణాన్నీ కాపాడలేకపోయాడు. వినడం, వగచడం, మళ్ళీ వినడం, ఇదే ఆయన పని అయింది.

విదురుడు చేసిన పని చూడండి. వారణావతంలో పాండవుల కోసం లక్క ఇల్లు కట్టించారని తెలిసింది. ఆయన వీధిలో నిలబడి దుర్యోధనుని దూషించలేదు, తెలిసిన సంగతిని మనసులో దాచుకొని కుమిలిపోలేదు. బయలుదేరుతున్న ధర్మరాజుకు ఇతరులకు బోధపడని మాటలతో హెచ్చరిక చేశాడు. తరువాత నేల తవ్వడంలో నేర్పరి అయిన ఒక మనిషిని రహస్యంగా పంపించాడు. ఆ మనిషి ఇంటి నడుమ నుంచి సొరంగం తవ్వి, దాని నోటిని నేలతో సమంగా పలకలతో మూసివేశాడు. కాపలాగా ఉన్న పురోచనుడు గుమ్మం దగ్గరే ఉన్నా అతనికి అనుమానం రాలేదు. పాండవులు పగలు వేట పేరుతో అడవిదారులు తెలుసుకొన్నారు, రాత్రి ఆయుధాలు దగ్గర పెట్టుకొని పడుకొన్నారు. అలా ఏడాది కాలం గడిచింది. ఆ ఏడాదిలో వారు దుర్యోధనుని తలచుకొని కోపంతో ఉడికిపోయి ఉంటే సొరంగం పూర్తయ్యేదా? దారులు తెలిసేవా?

అధర్మం గురించి ఇద్దరికీ తెలుసు. ఒకరికి అది నిద్రలేమిని మిగిల్చింది. మరొకరి చేత సొరంగం తవ్వించింది. మనలో ప్రతి ఒక్కరూ ఈ రెండింటిలో ఏ పక్కన ఉన్నామో తమకు తామే తేల్చుకోవాలి.

ఇక మన నేల సంగతి. ఉద్దానం అన్న పేరు ఉద్యానవనం నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో ఒకవైపు సముద్రం, ఒకవైపు కొండలు, నడుమ కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. ఆ తోటల మీదికి 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను విరుచుకుపడింది. శరన్నవరాత్రులు మొదలైన మరునాడది. పలాస సమీపంలో తీరం దాటిన ఆ గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. లక్షలాది కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. తాతలు నాటిన జీడిచెట్లు వేళ్ళతో సహా పైకి లేచాయి. అంతకు ముందు 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ చూసిన కళ్ళే మళ్ళీ ఇది చూశాయి.

కొబ్బరిచెట్టు పడిపోవడమంటే ఒక పంట పోవడం కాదు. పొడుగు రకం మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. నిలిచిన చెట్టుకైనా మొవ్వు దెబ్బతింటే, కొత్త ఆకు వచ్చి, గెల వేసి, కాయ ముదరడానికి రెండేళ్ళకు తక్కువ కాదు. ఎందుకంటే పూత పిందెగా మారిన తరువాత కాయ పండడానికే దాదాపు ఏడాది కావాలి. అటువంటి చెట్టును పోగొట్టుకున్నవాడికి మొక్క నాటిన రోజే విలువైన రోజు. ఒక ఏడాది ఆలస్యంగా నాటినవాడు ఒక ఏడాది ఆలస్యంగానే తింటాడు. కొబ్బరిచెట్టుకు మన కోపం తెలియదు, మన వాదనలో న్యాయం ఎంత ఉన్నదో కూడా తెలియదు.

మా ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ములున్నారు. పేర్లు అవసరం లేదు. తోటలు పక్కపక్కనే, గట్టు ఒక్కటే. తుపానులో ఇద్దరివీ ఇంచుమించు సమంగా పోయాయి. నష్టపరిహారపు జాబితా వచ్చినప్పుడు ఇద్దరి చెట్ల లెక్కా తక్కువగానే పడింది. చెట్లు పడనివారి పేర్లు కొన్ని అందులో ఉన్నాయని ఊరంతా చెప్పుకొన్నారు. అన్నయ్య ఆ అన్యాయాన్ని భరించలేకపోయాడు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ ఆ కోపం అర్జీగా మారలేదు, మాటగానే మిగిలిపోయింది. పొద్దున్న టీ దుకాణంలో ఆ జాబితా, రాత్రి టీవీలో రాష్ట్రం మొత్తపు జాబితాలు. ఈ ప్రభుత్వం పోతే న్యాయం జరుగుతుందని కొన్నాళ్ళు, వచ్చిన ప్రభుత్వం కూడా అంతేనని కొన్నాళ్ళు. కూలిన మానులు తోటలోనే పుచ్చిపోయాయి.

తమ్ముడు తన చెట్ల లెక్క కాగితం మీద రాసుకొని, ఫొటోలు జతచేసి, అర్జీ ఇచ్చి రసీదు తీసుకొన్నాడు. నెలకొకసారి వెళ్ళి ఆ అర్జీ ఎక్కడున్నదో అడిగి వచ్చేవాడు. మిగిలిన ఇరవై తొమ్మిది రోజులు తోటలో ఉండేవాడు. మూడడుగుల గుంతలు తీసి, ఇసుక నేలలో తడి నిలవడానికి అడుగున కొబ్బరి పీచు పరచి, మరుసటి వర్షాకాలానికి మొక్కలు నాటాడు. మొక్కల నడుమ అరటి, కంద వేసి ఆ ఆదాయంతో ఇల్లు నడిపాడు. ఆయన అర్జీకి వచ్చింది సగం న్యాయమే. ఈనాడు ఆయన మొక్కలు మాత్రం గెలలు వేస్తున్నాయి. అన్నయ్య కూడా చివరకు తమ్ముని సాయంతోనే గుంతలు తీయించాడు. ఆ మొక్కలింకా మనిషి ఎత్తున ఉన్నాయి. ఇప్పుడు ఇద్దరూ ఒకే ఇంట్లో కూర్చొని భోజనం చేస్తారు. గట్టుకు అటూ ఇటూ ఉన్న చెట్ల ఎత్తులో తేడా మాత్రం దారినపోయే వారికి కూడా కనిపిస్తుంది.

ఉద్దానంలో ఈ విషయానికి మరొక ముఖం ఉన్నది. అది ప్రాణాలకు సంబంధించినది. మన ప్రాంతాన్ని దీర్ఘకాలంగా మూత్రపిండాల వ్యాధి పీడిస్తున్నది. ఏళ్ళ తరబడి పరిశోధనలు జరిగినా దాని మూలకారణం ఇదమిత్థమని ఇంకా తేలలేదు. నీటి కోసం, ఆసుపత్రి కోసం ప్రజలు ఎన్నో ఏళ్ళు అడిగారు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఏడు మండలాలకు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకమూ, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన కిడ్నీ పరిశోధన కేంద్రమూ 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. అడగడం వల్లనే అవి వచ్చాయి. ఇకముందు కూడా అడుగుతూనే ఉండాలి.

కానీ ఆ అడిగేవాడు బతికి ఉండాలి కదా! మూత్రపిండాలకు అధిక రక్తపోటు శత్రువు. వైద్యులు చెప్పేవి చాలా సామాన్యమైన మాటలు. రక్తపోటు, చక్కెర అదుపులో ఉంచుకోవాలి. ఒళ్ళు నొప్పులకు దుకాణంలో దొరికిన బిళ్ళ మింగకూడదు. ఎండలో పనిచేసేవారు తగినంత నీరు తాగాలి. ఏడాదికి ఒకసారైనా క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. ఇవి మన చేతిలో ఉన్న పనులు. ఏ నాయకుడు ఎంత తిన్నాడో లెక్క చెప్పగలిగిన మనిషి, తన రక్తపోటు ఎంతో చెప్పలేకపోవడం నేను చాలా ఇళ్ళలో చూశాను. రాత్రి పన్నెండు దాకా చర్చలు చూసి, ఉద్వేగంతో పడుకొని, పొద్దున్న బిళ్ళ మరచిపోయినవాడు ఎవరి మీద గెలిచినట్టు? వారానికి రెండుమూడుసార్లు, ఒక్కొక్కసారి నాలుగు గంటలు డయాలసిస్ మంచం మీద పడుకొని కూడా, ఇంటికి వచ్చి మనవడికి ఎక్కాలు చెప్పే తల్లులు ఈ తీరంలో ఉన్నారు. ధైర్యానికి నిర్వచనం కావాలంటే గ్రంథాలు వెదకనక్కరలేదు, ఆ తల్లుల దగ్గరకు వెళ్ళి కూర్చుంటే చాలు.

ఇక్కడ ఎవరైనా సహేతుకంగా ఒక ప్రశ్న వేయవచ్చు. “అందరూ ఇలా తమ తోట తాము చూసుకుంటే దుర్మార్గులకు అడ్డెవరు? మౌనం అంగీకారం కాదా?” అని. ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి మన ప్రాంత చరిత్రే సమాధానం చెబుతుంది. మందస జమీందారీలో రైతులకు అడవి కట్టె కూడా దక్కనప్పుడు ఎదిరించి నిలిచిన వీరగున్నమ్మ, 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో తుపాకి గుండ్లకు నేలకొరిగింది. ఆమె లోకంలోని జమీందారులందరి గురించి వార్తలు విన్న మనిషి కాదు. తన ఊరి కట్టె, తన ఊరి మనుషులు, తన ఎదుట నిలిచిన బలగం, ఆమెకు తెలిసినవి ఇవే. సమయం వచ్చినప్పుడు ఆమె నిలబడింది.

సోంపేట బీల భూములలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు చేసిన పోరాటం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. వీధిలో నిలబడిన వారి త్యాగం ఎంత గొప్పదో, ఓపికతో ఆధారాలు సేకరించి అప్పీలు వేసిన వారి శ్రమ కూడా అంత విలువైనది. ఆ ఇద్దరిలో ఎవరూ ఊరికే చూస్తూ కూర్చున్నవారు కారు. వ్యక్తిగత స్థైర్యం ఉన్నవాడే సమయానికి పోరాడగలడు. రోజూ కోపంతో అలసిపోయేవాడికి నిజంగా పోరాడవలసిన రోజున ఓపిక మిగలదు.

కనుక అవినీతి వార్త విన్నప్పుడు మనలను మనం మూడు ప్రశ్నలు అడగాలని నా మనవి. ఇందులో నేను చేయగలిగినది ఏమైనా ఉన్నదా? ఉంటే ఏ తేదీలోగా చేస్తాను? ఏ కాగితం, ఏ సాక్ష్యం కావాలి? ఈ మూడింటికీ సమాధానం ఉంటే లేచి ఆ పని చేయాలి. లేకపోతే ఆ వార్తను అక్కడితో విడిచి మన పనిలోకి మనం వెళ్ళాలి. ఓటు వేసే రోజున మళ్ళీ గుర్తుచేసుకోవచ్చు.

చేయగలిగినవి లేకపోలేదు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా దరఖాస్తు పెట్టవచ్చు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు. సాధారణంగా 30 రోజులలోగా సమాధానం ఇవ్వాలి. ఒక టీ ఖరీదుకు మించని ఆ దరఖాస్తు, వంద రాత్రుల చర్చ చేయలేని పని చేయగలదు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ ప్రకారం లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజులలోగా అధికారులకు తెలియజేస్తే అతనికి రక్షణ ఉంటుంది. ఈ సంగతులు తెలిసినవారు తెలియనివారికి చెప్పడం కూడా దానమే.

ఇంకొక మాట కొంచెం కటువుగా ఉంటుంది, మన్నించండి. లంచగొండుల గురించి గంటసేపు మాట్లాడి, దర్శనం వరుస పొడుగ్గా ఉన్నదని ఎవరి చేతిలోనో ఒక నోటు పెట్టి ముందుకు వెళ్ళే భక్తులను మనం చూస్తూనే ఉన్నాం. పడని చెట్టును పడినట్టు రాయించుకొన్నవాడు కూడా జాబితాలో అన్యాయం జరిగిందనే అంటాడు. దూరాన ఉన్న పెద్ద తప్పును రోజంతా చూసే కంటికి, చేతిలోని చిన్న తప్పు కనిపించకుండా పోతుంది. నిరంతర పరనింద వల్ల మనిషికి జరిగే పెద్ద నష్టం ఇదేనని నా నమ్మకం. దాతలు కూడా తామిచ్చిన ప్రతి రూపాయికీ లెక్క అడగాలి, ధర్మసంస్థలు అడగకముందే చూపాలి. లెక్క అడగడం అవమానం కాదు, అపనమ్మకమూ కాదు.

కాశీబుగ్గలో జీడిపప్పు పరిశ్రమకు వెళ్ళినవారు పప్పు ఏరే స్త్రీలను చూసే ఉంటారు. ఒలిచిన పప్పు కుప్పగా ముందుంటుంది. నిండు గుడ్డు ఒక పక్కకు, బద్ద ఒక పక్కకు, నల్లబడినది వేరొక పక్కకు పోతుంది. నల్లబడిన పప్పును ఆమె చూడకుండా వదలదు. వదిలితే సరుకంతా చెడుతుంది. అలాగని దానిని చేతిలో పట్టుకొని విచారిస్తూ కూర్చోదు. కూర్చుంటే సాయంత్రానికి కూలి రాదు. గుర్తించి, వేరుచేసి, చేయి ముందుకు సాగుతుంది. జీడి రసం సోకి కమిలిన చేతులతో ఆ పరిశ్రమలలో పనిచేసే స్త్రీలు మనకు నేర్పుతున్న వివేకం ఇదే. చెడును గుర్తించే చూపు ఉండాలి, దాని దగ్గర ఆగిపోని చేయి ఉండాలి.

ఈ కార్తికంలో మీలో చాలామంది రావివలస ఎండల మల్లికార్జునస్వామిని దర్శించుకొనే వచ్చారు. ఆ స్వామికి పైకప్పు లేదు. ఎండలో ఎండుతూ, వానలో తడుస్తూ, ఈ తీరానికి వచ్చిన ప్రతి తుపాను గాలినీ తన శిరసు మీదనే భరిస్తూ నిలిచి ఉన్నాడు. పైకప్పు వేయబోతే నిలవలేదని పెద్దలు చెబుతారు. మనకు ఎల్లప్పుడూ నీడనిచ్చే ప్రభుత్వం, తప్పుచేయని అధికారి, గాలి వీయని ఏడాది దొరికిన తరువాతనే ప్రశాంతంగా బతుకుదామని అనుకొంటే ఆ రోజు ఎన్నడూ రాదు. కప్పు కోసం అడగడం మన హక్కు. కప్పు లేని రోజున కూడా నిలబడగలగడం మన సాధన.

ఆ సాధనకు పెద్ద నియమాలు అక్కరలేదు. రోజుకు ఒక పూట, ఒక అరగంట వార్తలు చాలు. భోజనం దగ్గర, పడకగదిలో అవి వద్దు. నెలకు ఒక కాగితం, మన ఊరి సమస్య మీద, సంతకంతో, తేదీతో రాద్దాం. ఇంట్లో నలభై దాటిన ప్రతి ఒక్కరికీ రక్తపోటు, క్రియాటినిన్ పరీక్షలు చేయిద్దాం. ఏడాదికి ఒక మొక్కైనా నాటి, దానికి పాదు చేసి, బతికించుదాం. దాతలైనవారు తమ ఊరి నుంచి డయాలసిస్‌కు వెళ్ళే ఒక్క రోగికి రాకపోకల ఖర్చు భరించినా అది దేవునికి చేరే కైంకర్యమే.

రాజ్యం బాగుపడితే మనం బాగుపడతామన్నది నిజమే. ఆ రాజ్యాన్ని బాగుచేయవలసిన మనుషులు నిద్ర చెడక, ఆరోగ్యం చెడక, మనసు చెడక మిగిలి ఉండాలన్నది కూడా అంతే నిజం. వినవలసినంత విందాం, చేయవలసినది చేద్దాం. మన తోటలు మళ్ళీ పచ్చబడుగాక, మన పిల్లల మూత్రపిండాలు చల్లగా ఉండుగాక, అడగవలసిన రోజున మన గొంతు స్పష్టంగా పలుకుగాక అని ఆ స్వామిని ప్రార్థిస్తూ సెలవు తీసుకొంటున్నాను.

సర్వే జనాః సుఖినో భవంతు. స్వస్తి.